విప్పకూడని రేకుపెట్టె

బయలుదేరిన నాటి ఉదయం ఏడు గంటలకు ప్రార్థనామందిరం వరండాలో హాజరైనవారు నలుగురు. వారు నిలుచున్న వరుస ఇది. మొదట, సంఘపెద్ద, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, ఈ యాత్రకు నాయకులు అయిన హెడ్మాస్టరు గారు. ఆయన తరువాత ఆయన బావమరిది కంపౌండరు. ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్ళయినా ఎవరు దగ్గినా మందుసీసా కోసం జేబు తడుముకునే మనిషి. మూడవ స్థానంలో ఆ కంపౌండరు కూతురు, నర్సు. అందరికంటె చివర, స్తంభానికి కొంచెం అవతలగా, బట్టలు కుట్టి బతికే ఒక నడివయసు ఆవిడ. కుట్టుమిషనే జీవనాధారం కనుక ఆమెను అందరూ మిషనమ్మ అనేవారు.

నాలుగవ స్థానం నిజానికి సంఘంలో పుస్తకాలు కుట్టిపెట్టే బైండరుది. ప్రయాణానికి పది రోజుల ముందు అతడు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతడికి బదులుగా మిషనమ్మను పంపాలని సంఘం తీర్మానించింది. తీర్మానించింది సంఘమే గాని హెడ్మాస్టరు గారు కాదు. ఆవిడ సంఘంలో చేరి రెండేళ్ళయినా కాలేదు. ఏ ఊరినుంచి వచ్చావమ్మా, వెనక ఎవరున్నారు అని అడిగితే "ఎవరూ లేరండి" అని ఊరుకునేది. అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పే విద్యార్థిని హెడ్మాస్టరు గారు ఉద్యోగమున్న రోజుల్లోనే నమ్మేవారు కారు.

వారు నాలుగు దేశాలు దాటి ఒక కొండప్రాంతానికి వెళ్ళవలసి ఉంది. రైలు, విమానం, మళ్ళీ విమానం, సముద్రం మీద లాంచీ, బస్సు, చివరకు జీపు. ఆరు మజిలీలు, ఆరు రోజులు. అక్కడ మిషను వారి అంధుల పాఠశాల ఒకటి ఉంది. ఆ కొండవారి భాషలో మార్కు సువార్తను వేలితో తడిమి చదువుకునే చుక్కల లిపిలో, అంటే బ్రెయిలీలో, చేయించి ఇస్తామని సంఘం మాట ఇచ్చింది. చూపు లేని ఒక ముసలి ఉపాధ్యాయుడు మూడేళ్ళపాటు ఒక్కొక్క చుక్కా పొడిచి నూట ఎనభై రెండు కాగితాలు పూర్తిచేశాడు. పూర్తిచేసిన నెలలోనే కన్నుమూసి, ప్రభువునందు నిద్రించాడు. రెండో ప్రతి లేదు. ఆ కాగితాలున్న రేకుపెట్టె చెక్కుచెదరకుండా పాఠశాలకు చేరాలి. సరిహద్దు దాటడానికి దొరికిన అనుమతి చూడబోతే ఆరవ రోజు సాయంత్రం ఐదు గంటలతో ముగిసిపోతుంది. ఈ రెండింటికీ పూచీపడి సంతకం చేసినది హెడ్మాస్టరు గారు.

పెట్టె సర్దినది కూడా ఆయనే. పబ్లిక్ పరీక్షల జవాబు పత్రాలను నలభై ఏళ్ళపాటు కట్టలు కట్టి పంపిన చెయ్యి అది. అంచులు సమంగా తట్టి, కిందా మీదా అట్టలు పెట్టి, మోకాలు ఆనించి పురికొసతో లాగి బిగిస్తే కట్ట ఇటుకరాయిలా అయ్యేది. మూత ఒక్క దెబ్బకు పడింది. పెట్టె చుట్టూ తాడు తిప్పి, తాము పనిచేసిన పాఠశాలలో మరెవరికీ చేతకాని ముడి ఒకటి వేశారు. పక్కన నిలబడి చూస్తున్న మిషనమ్మ, "అంత గట్టిగా బిగిస్తే ఆ కాగితాలు..." అని ఏదో మొదలుపెట్టింది.

"నలభై ఏళ్ళలో నేను కట్టిన కట్ట ఒక్కటీ ఊడలేదమ్మా," అన్నారాయన, ఆవిడ మాట పూర్తికానివ్వకుండా.

ఆ సంఘంలో పాతకాలం నుంచి ఒక ఆచారం ఉంది. ఒకరి బరువు ఒకరు మోయాలన్న వాక్యాన్ని వారు అక్షరాలా పాటించేవారు. సువార్త యాత్రలో ఎవరి సామాను వారు మోయరు, పక్కవారిది మోస్తారు. మజిలీ మారినప్పుడల్లా మోత మారుతుంది; రేకుపెట్టెను నలుగురూ వంతులవారీగా మోస్తారు. ఆ ప్రకారం కంపౌండరు పెట్టె నర్సుకు, నర్సు సంచి హెడ్మాస్టరు గారికి, ఆయన తోలుపెట్టె కంపౌండరుకు వచ్చాయి. మిషనమ్మ కూడా తన బట్టలసంచిని కంపౌండరుకు ఇచ్చేసింది గాని, ఒక చిన్న నీలం గుడ్డమూటను మాత్రం చంకలోనుంచి దించలేదు. "దీనికేం బరువుందండీ, నా దగ్గరే ఉండనివ్వండి," అంది.

ఆచారభంగం అక్కడితో ఆగలేదు. గమ్యం చేరేదాకా రేకుపెట్టె విప్పబోమని నలుగురూ దాని మీద చెయ్యి వేసి ప్రమాణం చెయ్యాలని హెడ్మాస్టరు గారు ఆదేశించారు. మూడు చేతులు పడ్డాయి. నాలుగవ చెయ్యి పడలేదు.

"ఒట్టు పెట్టుకోవద్దని వాక్యంలో ఉంది కదండీ," అంది మిషనమ్మ నెమ్మదిగా. "జాగ్రత్తగా చేరుస్తానని మాత్రం చెప్తాను."

వాక్యం చూపించినవారితో వాదించడం సంఘపెద్దకు తగదు. కాని అరణ్యంలో ప్రభువును శోధించిన అపవాది కూడా వాక్యమే చూపించాడన్న సంగతి ఆయనకు ఆ క్షణంలోనే గుర్తుకొచ్చింది. నలభై ఏళ్ళ ఉద్యోగంలో కాపీ చిట్టీలు పట్టిన కళ్ళు ఆ నీలం మూట మీద నిలిచాయి. ఇక ఆరు రోజులూ అక్కడినుంచి కదలలేదు.

రైలు ప్రయాణం ఏ ఒడుదొడుకూ లేకుండా గడిచింది. విమానాశ్రయంలో ఐదు గంటల నిరీక్షణ. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు సామానుకు కాపలా ఎవరని ప్రశ్న వచ్చింది. అడగకముందే మిషనమ్మ, "మీరు తిని రండి, నాకు ఆకలిగా లేదు," అంది. వారు తిరిగి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో కూర్చొని ఉంది, పెట్టె కాళ్ళ దగ్గర ఉంది, మూట చంకలో ఉంది. అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. పెట్టె మీది ముడి మాత్రం ఆయన ముడి కాదు. చూడడానికి అలాగే ఉంది గాని తాడు కొస ఎడమవైపుకు తిరిగి ఉంది. ఆయన ఎప్పుడూ కుడివైపుకు తిప్పేవారు.

రుజువు లేకుండా అభియోగం మోపడం ఆయన పద్ధతి కాదు. తెల్లవారి రెండవ విమానం దిగాక అద్దెగదిలో ఒక సాయంత్రం గడిపారు. పక్కగదిలో నర్సు కునుకు తీస్తోంది, పెట్టె కాపలాకు మిషనమ్మ మేలుకొని ఉంది. గోడ అవతలినుంచి సన్నని చప్పుడు, టిక్కు టిక్కుమని, గడియారంలా కాదు, ఆగి ఆగి వినిపించింది. మరునాడు లాంచీ ఎక్కేటప్పుడు తన వంతుగా పెట్టెను ఆయనే ఎత్తారు. మూత సరిగ్గా పడడం లేదు. తాడు కింద అరంగుళం మేర ఎత్తుగా లేచి ఉంది. తాను కట్టినప్పుడు కట్టలో వేలు దూర్చే సందు లేదు, పెట్టెలో దాని పైన మాత్రం మరో పలుచని పుస్తకం పట్టేంత చోటు మిగిలింది. ఇప్పుడు పెట్టె నిండుగా ఉంది. అంటే, ఎవరో అందులో ఏదో పెట్టారు.

లాంచీ కదిలాక ఆయన పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకొని లెక్క వేశారు. దేశాల సరిహద్దులు దాటే పెట్టె, పైన సిలువ గుర్తు, మోసేది నెరిసిన జుట్టు పెద్దమనిషి. దొంగసరుకు దాటించేవారికి ఇంతకంటె సుఖమైన వాహనం ఏముంటుంది? పట్టుబడితే పెట్టె స్వాధీనమవుతుంది, సువార్త పోతుంది, ఆ దేశంలో మిషను తలుపే మూసుకుపోతుంది. పెట్టె విప్పి చూద్దామంటే ప్రమాణం చేయించినది తానే. తాను వేసిన ముడి తన చేతులకే బిగిసింది.

బావమరిదిని లాంచీ వెనకభాగానికి పిలిచి సంగతి చెప్పారు. కంపౌండరు శ్రద్ధగా విని, దగ్గు బిళ్ళ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"బావగారూ, నలభై ఏళ్ళు పిల్లకాయల జేబులు వెతికారు. ఆ చెయ్యి ఊరికే ఉండమంటే ఎలా ఉంటుంది? ఆవిడ చీరకు చిరుగు పడితే కుట్టుకుంటోందేమో."

"చీర కుట్టుకోవడానికి నా పెట్టె విప్పాలా?"

"విప్పిందని మీరు చూశారా?"

"నిప్పు లేనిదే పొగ రాదు."

"పొగ కూడా మీకొక్కరికే కనబడుతోంది," అన్నాడు కంపౌండరు. "పోనీ, అడిగేయండి."

అడగడం అంత తేలిక కాదు. అడిగితే జవాబు ఒక్క ముక్కలో వస్తుంది. ఆ ముక్క అబద్ధమో నిజమో తేలదు. ఆయన నిఘా పెంచారు. బస్సులో ఆవిడ వెనక సీటులోనే కూర్చున్నారు. మిషనమ్మ కళ్ళు మూసుకుని, కుడిచేతి చూపుడువేలును ఎడమ అరచేతిలో ముందుకు వెనక్కు నడిపిస్తూ, పెదవులు కదిలిస్తోంది. ప్రార్థన అని నర్సు అంది. ప్రార్థనకు వేలెందుకు? అది లెక్కో, సంకేతమో అయి ఉంటుందని ఆయన మనస్సు చెప్పింది. బస్సు ఆగిన ఊళ్ళో కాపలా వంతు తనదేనని ఆయన పట్టుబట్టి పెట్టె పక్కనే కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమంతా మిషనమ్మ మూడుసార్లు వచ్చి, "ఎంతసేపు కూర్చుంటారండీ, కాసేపు నడుం వాల్చండి," అంది. మూడవసారి ఆవిడ ముఖంలో ఆత్రం స్పష్టంగా కనిపించింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటోందని ఆయన నిర్ధారణకు వచ్చారు. కదలలేదు.

ఆరవ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు జీపు సరిహద్దు చౌకీ ముందు ఆగింది. రేకు కప్పు, పొడవాటి బల్ల, తూనికయంత్రం, గోడకు పెద్ద గడియారం, జాలీ కిటికీ. బల్ల వెనక కస్టమ్స్ అధికారి కూర్చొని ఉన్నాడు. కొండవారి ముఖం, ఇస్త్రీ చొక్కా, ముద్రలు వేసే సిరాదిండు మీద ఎప్పుడూ ఒక చెయ్యి. ఇంగ్లీషు కొద్దికొద్దిగా మాట్లాడుతున్నాడు. సంభాషణ భారం సహజంగానే హెడ్మాస్టరు గారి మీద పడింది.

మొదటి ప్రశ్న అన్ని సరిహద్దుల్లోనూ అడిగేదే. విమానాశ్రయాల్లో ఆ ప్రశ్న యంత్రాలు అడిగినట్టు అడిగి వదిలేశారు. ఈ అధికారి జవాబు వినే రకం. మోతలు మారి మారి ఆ రోజుకు మళ్ళీ మొదటి వరుసకే వచ్చాయి. కంపౌండరు చేతిలోని తోలుపెట్టె చూపించి, ఇది నీదేనా అని అడిగాడు. కంపౌండరు నిజం చెప్పాడు: నాది కాదు, మా బావగారిది. నర్సును అడిగాడు. నాది కాదు, మా నాన్నది. హెడ్మాస్టరు గారి చేతిలోని సంచి చూపించాడు. సంఘపెద్ద సరిహద్దులో అబద్ధమాడడు కదా. నాది కాదు, ఈ అమ్మాయిది అన్నారు. అధికారి కలం కింద పెట్టి ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఎవరి చేతిలోని సామానూ వారిది కాని ప్రయాణికులు ఆ చౌకీకి ఎన్నడూ వచ్చి ఉండరు. బరువులు పంచుకునే వాక్యాన్ని హెడ్మాస్టరు గారు వివరించబోయారు. వివరించినకొద్దీ అతడి కనుబొమలు పైకి లేచాయి.

"మామయ్యా, ఇంక చెప్పకండి," అంది నర్సు గుసగుసగా. "మీరు చెప్పేకొద్దీ మనమే దొంగల్లా కనబడుతున్నాం."

గడియారం నాలుగు కొట్టింది. రేకుపెట్టె బల్ల మీదికి వచ్చింది. ఎవరు సర్దారని అధికారి అడిగాడు. నేనే అన్నారు హెడ్మాస్టరు గారు. సర్దిన తరువాత వేరెవరైనా తాకారా?

లేదంటే ముద్ర పడుతుంది, పెట్టె దాటిపోతుంది. కాని పెట్టెలో ఏముందో ఆయనకు తెలియదు. తెలియనిదానికి పూచీపడడం ఆయన వల్ల కాలేదు. ఆరు రోజుల అనుమానం ఆయన నోటిని తెరిపించింది.

"ఈ ముడి నాది కాదు," అన్నారు ఇంగ్లీషులో, ప్రతి పదమూ విడివిడిగా. అంతటితో ఆగక, చివర నిలబడిన మిషనమ్మ వైపు చూశారు. అధికారి ఆ చూపు వెంబడే చూశాడు. తలుపు దగ్గరి కాపలావాణ్ణి లోపలికి పిలిచాడు.

తాడు కోసి మూత ఎత్తారు. ఇటుకరాయిలాంటి కట్ట అందులో లేదు. కాగితాలు వదులుగా ఉన్నాయి. కాగితానికీ కాగితానికీ మధ్య మెత్తని పాతగుడ్డ ముక్కలు, అంచులు చక్కగా కత్తిరించినవి, పరిచి ఉన్నాయి. పెట్టెను ఉబ్బించినవి అవే. అధికారి గుడ్డలన్నీ విదిలించాడు, ఏమీ రాలలేదు. ఒక కాగితం పైకెత్తి వెలుతురుకు పట్టాడు. అక్షరం లేదు, సిరా లేదు, చుక్కలే చుక్కలు. ఇది ఏ సంకేతమని అడిగాడు. గుడ్డివారి పుస్తకమని హెడ్మాస్టరు గారు చెప్పారు. అయితే చదవమన్నాడు అధికారి. మూడేళ్ళుగా ఆ పుస్తకం గురించి సభల్లో ఉపన్యసించిన హెడ్మాస్టరు గారికి అందులో ఒక్క అక్షరమూ రాదు.

అప్పుడు మిషనమ్మ వరుసలోనుంచి ముందుకు వచ్చింది.

"పెట్టె నేనే విప్పానండి. వీలు దొరికిన ప్రతి మజిలీలోనూ విప్పాను. నేను చెప్పేది ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి, పెద్దయ్యగారూ."

ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆవిడ నోరు ఇప్పుడు ఆయనే. ఆయన అనువదించసాగారు. తన అన్నకు పుట్టుకతోనే చూపు లేదనీ, అతడి పక్కన కూర్చొని చిన్నప్పుడే చుక్కలు నేర్చుకున్నాననీ, అతడు పోయాక ఎవరూ మిగలలేదనీ ఆవిడ చెప్పింది. ఆ తరువాతి మాట చెప్పే ముందు కొంచెం తటపటాయించింది.

"పెద్దయ్యగారు కాగితాలను మోకాలు పెట్టి బిగించారు. అలా బిగిస్తే చుక్కలు చచ్చిపోతాయి. కాగితం కాగితంలాగే ఉంటుంది, చదివేవాడి వేలికి మాత్రం ఏమీ తగలదు. చెబుదామని మొదలుపెట్టాను. వారు చెప్పనివ్వలేదు."

ఆ గదిలో ఈ మాటలను అధికారికి చేర్చే పని ఆయన ఒక్కరిదే. ఒక పదం మెత్తబరచినా, ఒక వాక్యం మింగినా పెద్దాయనకు ఎదురుచెప్పేవారు లేరు. హెడ్మాస్టరు గారు ఒక్క పదమూ విడిచిపెట్టకుండా, తన మోకాలితో సహా, ఇంగ్లీషులో చెప్పారు. కంపౌండరు నేల చూశాడు.

అధికారి అంత తేలికగా నమ్మలేదు. కట్ట మధ్యలోనుంచి తానే ఒక కాగితం లాగి, తన ఫైలు కింద దాచి, చెయ్యి మాత్రం దూర్చి చదవమన్నాడు. మిషనమ్మ వేలు ఫైలు కిందకు వెళ్ళింది. మెల్లగా శబ్దాలు కూడబలుక్కుంటూ చదవసాగింది. శబ్దాలకు చుక్కలు తమ లిపిలోలాగే ఉన్నా, ఆ భాష ఆవిడకు తెలియదు; అర్థం తెలియని మాటలు ఒక్కొక్కటే పలికింది. రెండవ వాక్యం దగ్గర అధికారి కలం ఆగింది. నాలుగవ వాక్యంలో ఒక మాటను ఆవిడ పొట్టిగా పలికితే, అతడు తనకు తెలియకుండానే దానిని సాగదీసి సరిదిద్దాడు. తలుపు దగ్గరి కాపలావాడు నవ్వాడు. అది వారి ఇళ్ళలో తల్లులు మాట్లాడే భాష.

అయినా అతడు ఉద్యోగి. కట్ట అడుగునుంచి మరో కాగితం లాగాడు. మిషనమ్మ వేలు ఒక వరుస నడిచి ఆగిపోయింది. "ఇక్కడినుంచి చచ్చిపోయాయండి," అంది. "అడుగువి ఎక్కువ నలిగాయి. నలిగిన యాభైలో నలభై దాకా చేశాను, ఇవి పది మిగిలాయి. నిన్న చేద్దామంటే పెద్దయ్యగారు పెట్టె దగ్గరినుంచి లేవలేదు."

హెడ్మాస్టరు గారు అదీ అనువదించారు.

నా ముందు చెయ్యి, చూస్తాను అన్నాడు అధికారి. నీలం మూట అప్పుడు విప్పుకుంది. గుడ్డముక్కలు పెట్టెలోకి పోగా అందులో మిగిలినవి రెండే: బిళ్ళలు బిళ్ళలుగా కన్నాలున్న ఒక పాత ఇనుపపలక, చెక్కపిడి ఉన్న ఒక మొద్దు సూది. రెండూ అన్నవి. ఆవిడ కాగితం తిరగేసి పలకలో బిగించి, నలిగిన చుక్కనల్లా కంటికి ఆనే జాడ చూసి వెనకనుంచి మళ్ళీ పొడిచింది. టిక్కు, టిక్కు. అద్దెగది గోడ అవతల వినిపించిన చప్పుడు అదే. హెడ్మాస్టరు గారు గడియారం చూడడం మరచిపోయారు. వరుస పూర్తయింది. కాగితం తిప్పి వేలితో చదివింది. అధికారి కళ్ళు మూసుకొని తన వేలు కూడా ఆ చుక్కల మీద ఒకసారి ఆనించి చూశాడు. అతడికేమీ అర్థమై ఉండదు, కాని వేలు తీయడానికి కొంత సమయం పట్టింది.

ఐదుకు పన్నెండు నిమిషాలుండగా ముద్ర పడింది.

జీపు దగ్గరకు నడుస్తున్నప్పుడు హెడ్మాస్టరు గారు వెనక్కు వచ్చి మిషనమ్మ పక్కన ఆగారు. క్షమాపణ ఇంగ్లీషులో ఆయనకు నాలుగు విధాలుగా వచ్చు. ఆ నాలుగూ పక్కన పెట్టారు. చెయ్యి మాత్రం చాచారు.

"ఆ మూట ఇలా ఇవ్వమ్మా. ఈ మజిలీ మోత నాది."

ఆవిడ ఒక క్షణం ఆలోచించి ఇచ్చింది. "గట్టిగా పట్టుకోకండి మరి," అంది. వెనక కంపౌండరుకు దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

మిగిలిన పది కాగితాలను మిషనమ్మ పాఠశాలలో మరునాటి పగలు పూర్తిచేసింది. సువార్త అప్పగించిన తరువాత యాత్రా నివేదికను హెడ్మాస్టరు గారు మిగిలిన ముగ్గురినీ నిలబెట్టి స్వయంగా చదివి వినిపించారు. అందులోని చివరి పేరా ఇది:

"సంఘం అప్పగించిన సువార్త ప్రతి, దానిని సర్దిన నాయకుని అజ్ఞానం వలన పాడవుతూండగా, మన సహోదరి, కుట్టుపనివారు, వీలైన ప్రతి మజిలీలోను తన విశ్రాంతిని మానుకొని దానిని కాపాడిరనియు, ఆమె చెప్పబోయిన మాటను విననివాడును, ఆమెను ఆరు దినములు అనుమానించి పరాయి అధికారి యెదుట ఆ అనుమానమును వెల్లడించినవాడును క్రింద సంతకము చేసిన నాయకుడేననియు, నూట ఎనభై రెండు కాగితములు చదువదగిన స్థితిలో చేరుట సంపూర్ణముగా ఆమె కార్యమేననియు అంగీకరించి, ఆమెకు సంఘము యొక్కయు, నాయకుని యొక్కయు కృతజ్ఞతను ఇందుమూలముగా నమోదు చేయడమైనది."